కొంగలవాగు కట్టకు బిరడా

ఖాళీ చెరువుకు కాపలా కాయడం ఎంత తలవంపుల పనో చేసినవాడికే తెలుస్తుంది. పనికి ఆహారం పథకం కింద రెండు ఎండాకాలాలు మా పేటవాళ్ళు, ఊరివాళ్ళు, వాగుకు ఎగువన ఉన్న మీది తండావాళ్ళు అందరం తట్టలు మోసి కొంగలవాగుకు అడ్డంగా మట్టికట్ట పోశాం. కట్ట పూర్తయిన రోజు ఓవర్సీరు నన్ను పిలిచి లస్కరు పని ఇచ్చాడు. కట్ట మీద తిరగాలి, ఎండ్రకాయ బొరియలు కనిపిస్తే పూడ్చాలి, తూములో చెత్త పడితే తీయాలి. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి ఇంతకన్నా మంచి కొలువు దొరకదని ఆయన నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేదు.

"సంసోనూ, ఒక్క మాట యాదుంచుకో," అన్నాడాయన. "ఇది చెరువు కాదు, వరద కట్ట. తూముకు తలుపు పెట్టలేదు చూసినవా? మర్చిపోయి కాదు, కావాలనే పెట్టలేదు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే గొట్టంల నుంచి పోవాలె. కట్ట లోపల ఎప్పుడూ ఖాళీగ ఉండాలె. ఖాళీగ ఉంటేనే వరదొచ్చిననాడు పట్టుద్ది. నిండు చెంబుల ఇంకో చెంబు నీళ్ళు పోస్తవా?"

"పొయ్య సార్."

"గదే నీ నౌకరి. ఖాళీగ ఉంచుడు."

నాకు అర్థమైంది. అర్థం కాకపోవడానికి ఏముంది? మా పేట కట్టకు దిగువన, వాగు మలుపులో ఉంది. నలభై ఇళ్ళు. అన్నీ మట్టిగోడలు, పైన తాటాకు. అడవిలో గట్టివాన పడితే వాగు మలుపు తిరగడం మరిచి నేరుగా మా ఇళ్ళ మీదికే వచ్చేది. మేం పిల్లల్నీ కోళ్ళనీ చంకన పెట్టుకుని బడి అరుగు మీద కూర్చుంటే, కింద మా గోడలు ఒక్కొక్కటే కూలబడేవి. పదేళ్ళలో మూడుసార్లు నా ఇంటిగోడ నేనే కట్టుకున్నాను. మూడోసారి కట్టిన గోడను మా ఆవిడ సంపూర్ణ ఆ ఎండాకాలమే ఎర్రమట్టితో నున్నగా అలికింది. కట్ట ఉంది కనుక ఈసారి గోడ నిలబడుతుందని ఆమె ధైర్యం. నాకా ధైర్యం లేదు. సర్కారు చేసిన పని ఏదైనా వాన పడేదాకా బాగానే ఉంటుంది.

అయితే ఆ ఏడు వానే పడలేదు. జూలై నెలంతా మబ్బు కనిపించడం, గాలికి కొట్టుకుపోవడం, ఇదే తంతు. వాగులో చీలమండ లోతు పారేది. ఆ పారేది కూడా తూములోంచి చప్పుడు లేకుండా కిందికి పోయేది. కట్ట లోపల గడ్డి మొలిచింది. గడ్డిలో మేకలు మేసేవి. నేను కట్ట మీద గొడుగు వేసుకుని కూర్చుని మేకల్ని చూసేవాణ్ణి.

కట్ట పక్కనే వెంకటప్పయ్య పొలం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఎకరాలు కొన్న రైతు. రోజూ పొద్దున తన ఎడ్లబండి ఆపి నన్ను పలకరించనిదే ఆయనకు తెల్లవారేది కాదు.

"ఏవయ్యా సంసోనూ, చెరువునెవరూ ఎత్తుకుపోలేదు కదా?"

"లేదు పటేలా. మీరు రాత్రి ఇంటికాన్నే పండుకున్నరు గద, భయం లేదు."

"నోటికేం తక్కువ లేదు. నా నారుమడి నెర్రెలిస్తంటే నువ్వు నీళ్ళన్నీ కిందకి తోలేస్తన్నావు. చెరువన్నాక నీళ్ళుండాలయ్యా."

"చెరువు కాదు, వరద కట్ట."

"మరి వరదేదీ?"

ఆయన ఎద్దులు కూడా నా వైపు జాలిగా చూసినట్టే ఉండేది.

ఇంటికి వెళితే అక్కడ మా అత్త ఇన్నమ్మ. వాళ్ళది గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గరి పల్లె. మామ రేవులో పడవ నడిపేవాడు. ఆయన పోయాక ఆమె మా దగ్గరికే వచ్చేసింది. వాళ్ళు కేతలిక్కులు, మేం బాప్టిస్టులం. వాళ్ళ గుళ్ళో పసిపిల్లగా ఉన్నప్పుడే ఫాదరు నెత్తిన నీళ్ళు పోస్తే సరిపోతుంది. మా సంఘంలో అట్లా కాదు. బుద్ధి తెలిసిన మనిషి నడుములోతు నీళ్ళలో నిలబడాలి, పాస్టరు అయ్యగారు పూర్తిగా ముంచి లేపాలి, అదే బాప్తిస్మం. అట్లా మునగనివాళ్ళకు మా దగ్గర ప్రభువు బల్ల విందులో పాలు లేదు. రొట్టె, రసం పంచేటప్పుడు వాళ్ళు వెనక చెప్పుల దగ్గర కూర్చోవాలి. సంపూర్ణ పెళ్ళయినప్పటి నుంచీ పద్దెనిమిదేళ్ళు అక్కడే కూర్చుంది. ఒకసారి దేవుని బిడ్డనయ్యాను, మళ్ళీ అవడానికి నేనేం తప్పిపోయానా అనేది.

అటువంటి మనిషి ఆ జూలై ఆఖర్న నాకు అన్నం పెడుతూ, "ఈసారి బాప్తిస్మం తీసుకునేటోళ్ళల్ల నా పేరు గూడ రాయమని అయ్యగారికి చెప్పు," అంది.

ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం. తలవంచుకుని అన్నం తిన్నాను. మా అత్త మాత్రం చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసింది.

"మా ఫాదరు చెంబుడు నీళ్ళతోటి నిన్ను దేవుని బిడ్డను చేసిండు. ఈళ్ళకేమో మనిషికో చెరువు కావాలె. గంత మురికి ఉన్నదా ఈళ్ళకు?"

"నువ్వూకో అమ్మా. చెప్పులకాడ కూసోని కూసోని ఇసుగొచ్చింది నాకు."

జూలూరుపాడు నుంచి మా అయ్యగారు ఆదివారం ఆరాధనకు సైకిలు మీద వచ్చారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఆయనకు రెండింతలు. సంపూర్ణ సంగతి విని ఎంత సంతోషించారో అంత దిగులుపడ్డారు. ఆ ఏడు మునగాల్సినవాళ్ళు ఐదుగురు తేలారు. ముంచడానికే నీళ్ళు లేవు.

"ఎప్పుడూ వాగు మడుగుల కదా ఇచ్చేది. మడుగేమైంది?" అని అడిగారు.

"కట్ట కింద పడ్డది అయ్యగారూ. నేనే తట్టలతోటి పోసిన."

"నడుములోతు లేందే ముంచుడెట్లనయ్యా? బావులల్ల దిగనియ్యరు. భద్రాచలం పోదామంటే అందరూ పనులు ఇడిసిపెట్టి వస్తరా?"

వెనక గడప మీద కూర్చుని ఆకు నములుతున్న మా అత్త ఎటో చూస్తూ అంది. "గంత పెద్ద కట్ట పోసుకున్నరు. ఆ గొట్టానికి ఇంత గుడ్డ కుక్కితే నాలుగొద్దులల్ల మునిగేటన్ని నీళ్ళు నిలుస్తయ్. ఇదన్నా నేను చెప్పాల్నా?"

వెక్కిరింతకే అన్నదది. కానీ అయ్యగారు నా వైపు తిరిగారు. పేటంతా నా వైపు తిరిగింది. సంపూర్ణ మాత్రం తిరగలేదు. చెప్పుల దగ్గర కూర్చుని చాప పుల్లలు గిల్లుతోంది. ఆమె నా వైపు చూసి ఉంటే కాదనేవాణ్ణేమో.

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నాలుగు రోజుల పని. ఆదివారం మధ్యాహ్నానికి బిరడా తీసేస్తాం. ఓవర్సీరు నెలకు ఒకసారి వస్తాడు. అప్పుడే వచ్చిపోయాడు.

గురువారం పొద్దున అడవిలోంచి మద్ది దుంగ ఒకటి తెచ్చి, తూము మూతికి సరిపోయేటట్టు గుండ్రంగా చెక్కాను. నా చేతిపనిని నేనే మెచ్చుకోవాలి, ఇంకెవరూ మెచ్చుకోరు కనుక చెబుతున్నాను, అచ్చు సీసా బిరడాలా కుదిరింది. చుట్టూ గోనెపట్టాలు చుట్టి, సందుల్లో బంకమట్టి దట్టించి, సమ్మెటతో కొట్టి గొట్టంలోకి ఎక్కించాను. వెనక్కి లాగడానికి దుంగకు ఇనుపకొండి కొట్టి, కొండికి లావుపాటి మోకు కట్టి, ఆ మోకు రెండో కొస ఎగువన పక్కగట్టు మీది మద్దిచెట్టుకు చుట్టాను. నీళ్ళు తాగిన కర్ర ఉబ్బుతుందని, తడిసిన గోనె బిగుస్తుందని, మీద నీళ్ళ బరువు పడుతుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. వాటన్నిటికీ లెక్కలు ఆరో తరగతి తరవాత చెబుతారేమో.

శుక్రవారానికి మోకాలి లోతు. శనివారానికి నడుములోతు. కట్ట లోపలి వాలుకు వరసలు వరసలుగా రాళ్ళు పరిచాం కదా, ఆదివారం పొద్దున్నకి ఆరు వరసలు మునిగాయి. తూము మీద నిలువు లోతు. నీళ్ళు చూడగానే మనుషులకు ఏమవుతుందో తెలియదు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి కట్ట మీద నిలబడి చూసి పోయారు. గేదెలు పడుకున్నాయి. నాలుగు కొంగలు దిగాయి. వెంకటప్పయ్య అయితే శనివారమే నీళ్ళు తోడే ఆయిలింజను తెచ్చి ఒడ్డున దింపాడు.

"ఇప్పుడు కదయ్యా నువ్వు లస్కరువి!" అని నా భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు నచ్చింది. అబద్ధమెందుకు?

ఆదివారం ఎండ మండిపోతోంది. పేటంతా తెల్లబట్టలు కట్టుకుని డప్పులతో, పాటలతో కట్టకు వచ్చింది. పొద్దున్నే గొర్రెను కోసి కూరకు సిద్ధం చేసి పెట్టారు. ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చారు. వెంకటప్పయ్య ఎడ్లబండిని పక్కగట్టు మీద మద్దిచెట్టు నీడన ఆపి, బండిమీదే కూర్చున్నాడు. మా అత్త నా గొడుగు లాక్కుని కట్ట మీద అందరికన్నా ముందు పీట వేసుకుంది. నచ్చని పనిని దగ్గరినుంచి చూడాలనే రకం ఆమె.

అయ్యగారు నీళ్ళలో దిగి, ఛాతీ దాకా మునిగి, వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. పొట్టివాడు కావడం వల్ల తల ఒక్కటే నీళ్ళమీద తేలుతూ ఉపదేశం చేస్తున్నట్టుంది. అది గంటసేపు సాగింది. తరవాత ఒక్కొక్కరినే పిలిచి ముంచారు. మునిగి లేచినవాళ్ళు చీదుతూ, నవ్వుతూ ఒడ్డుకు వస్తుంటే డప్పు మోగేది. నలుగురు అయ్యారు. ఐదోది సంపూర్ణ. తెల్లచీర కొంగు బొడ్లో దోపి నీళ్ళలోకి నాలుగడుగులు వేసింది.

అప్పుడు కట్ట చివర నుంచి మీది తండా పూల్‌సింగు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇక్కడ రాయి కాలుతోంది, వాడేమో తల నుంచి కాలి దాకా తడిసి నీళ్ళోడుతున్నాడు. జనం గొల్లుమన్నారు.

"నువ్వెప్పుడు మునిగినవ్‌రా పూల్‌సింగూ? అయ్యగారు సూడలే!"

వాడు ఒంగి మోకాళ్ళు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "నవ్వకుండ్రి! మా గుట్టల కాడ వాన. తెల్లారంగ పట్టింది, ఇంక ఇడవలేదు. వాగుల మా ఎడ్లు దాటనంటున్నయ్. సంసోనన్నా, రెండు గంటలల్ల వచ్చుద్ది ఈడికి. ఏందిది? గిన్ని నీళ్ళేంది ఈడ?"

నవ్వు ఆగిపోయింది. నేను అడవి వైపు చూశాను. గుట్టల మీద నల్లగా ఉంది. ఎప్పటినుంచి ఉందో! నా పనే అది చూడటం. నేను బాప్తిస్మాలు చూస్తున్నాను. కట్ట లోపల ఆరు వరసల నీళ్ళు, పైనుంచి వాగు, కట్ట నిండి అలుగు పొర్లిందంటే ఆ నీళ్ళు పోయేది నేరుగా నలభై ఇళ్ళ మీదికి. ఓవర్సీరు చెంబు మాట గుర్తొచ్చింది.

పక్కగట్టు మీదికి పరుగెత్తి మోకు పట్టుకుని లాగాను. కదల్లేదు. పదిమంది వచ్చి పట్టారు. మోకు వీణ తీగలా బిగిసింది గాని దుంగ కదల్లేదు.

"పేరేమో బైబిల్ల బలశాలి సంసోనుది!" అంది మా అత్త అవతలి నుంచి గొడుగు ఊపుతూ. "ఒక మొద్దు లాగలేడు!"

"పటేలా, మీ ఎడ్లను కట్టాలె," అన్నాను.

వెంకటప్పయ్య బండి దిగలేదు. "ఆగవయ్యా. ఆ గుట్టల మీద మబ్బు నెలనుంచీ చూస్తన్నాం, ఎప్పుడన్నా వచ్చిందా? ఇయ్యాలే ఇంజనుకు నీళ్ళందినయ్. ఇంకొక్కరోజు ఉంచితే నా నారు బతుకుద్ది."

"మీ నారు బతుకుద్ది. మా ఇండ్లు?"

పూల్‌సింగు తలపాగా తీసి ఆయన ముందే పిండాడు. చెంబుడు నీళ్ళు కారాయి. వెంకటప్పయ్య ఆ నీళ్ళ వైపు చూశాడు, ఇంజను వైపు చూశాడు, కింద పేట వైపు చూశాడు. తరవాత ఒక్క బూతుమాట అన్నాడు, ఎవరినో తెలియదు. బండి దిగి ఎద్దుల్ని విప్పాడు.

"కట్టండయ్యా. నా ఎద్దులకేవన్నా అయితే మాత్రం కాడికి నిన్ను కడతా సంసోనూ."

కాడికి మోకు ముడివేశాం. ఎద్దులు లాగాయి, వెనక ముప్ఫైమంది లాగారు. నీళ్ళలో మోకు కొస దగ్గర బుడగలు వచ్చాయి, అంతే. ఎద్దులు నాలుకలు బయటపెట్టాయి.

"గోనె పట్టేసింది," అన్నాను. "సందుల గోనె కోస్తేనే వచ్చుద్ది."

"కోసేదెవరు? నీకు ఈత రాదాయె," అంది సంపూర్ణ. ఆమె ఇంకా నీళ్ళలోనే, నడుములోతున నిలబడి ఉంది. "ఇటు తే, కొడవలి ఎవరికాడుంది?"

గడ్డి కోసుకుని చూడ్డానికి ఆగిన ఎవరో ఆడమనిషి కొడవలి విసిరింది. నేను వద్దన్నాను. పడవవాడి కూతురు నా మాట వింటుందా? ఒకరి తలపాగా, ఇంకొకరి పైపంచె ముడివేసి ఆమె నడుముకు కట్టి, రెండో కొస నేను పట్టుకుని సరిగ్గా తూము మీది రాళ్ళలో కాలు తన్నిపెట్టి నిలబడ్డాను. ఆమె మునిగితే మోకు లాగొద్దని, లేచాకే లాగాలని గట్టుమీద వాళ్ళకు కేకవేశాను.

ఆమె మునిగింది. నేను లోపల లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చేసరికి నా ఊపిరే ఆగింది. లేచింది, చేతిలో గోనెపీలిక. దాన్ని అయ్యగారి భుజం మీద పడేసి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది. ఈసారి పెద్ద ముక్కే వచ్చింది.

"ఇంకొక్క పక్క ఉన్నది," అంది. "అది తెగితే అయిపోద్ది."

"ఆగమ్మా!" అన్నారు అయ్యగారు, గోనెపీలికలు మెడలో వేసుకునే.

"ఆగే పనా అయ్యగారూ ఇది?"

"అర నిమిషం. మళ్ళ నీళ్ళుండయ్. ప్రభువును నమ్ముతున్నవా?"

సంపూర్ణ ఒక్కసారి ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. "నమ్ముతున్న. జల్దీ కానియ్యిండ్రి!"

అయ్యగారు ఆమె నెత్తిన చెయ్యి పెట్టారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని ఆయన జీవితంలో ఎప్పుడూ అననంత వేగంగా అని, ఒక్కతోపు తోశారు. కొడవలితో సహా బాప్తిస్మం తీసుకుని నా భార్య తూము దగ్గరికి పోయింది.

మా అత్త పీటమీద నుంచి లేచి నిలబడింది. గొడుగు ఎప్పుడు పడేసిందో, ఎండలో గుండెమీద సిలువ గుర్తు వేసుకుంటోంది.

ఈసారి ముప్ఫై దాటింది. నేను లాగబోయేంతలో ఆమె తల పైకి వచ్చింది. "లాగుండ్రి!" అని అరిచింది, నోట్లో నీళ్ళతోనే. నేనూ అయ్యగారూ చెరో రెక్క పట్టుకుని ఆమెను రాళ్ళ మీదికి ఈడ్చాం. అవతల వెంకటప్పయ్య ఎద్దుల తోకలు మెలేశాడు. బాప్టిస్టులు, కేతలిక్కులు, తండావాళ్ళు, ఊరివాళ్ళు, డప్పులు కొట్టేవాళ్ళు డప్పులు వీపున వేసుకుని, అందరూ ఆ మోకు మీదే. నీళ్ళ కింద ఏదో పెద్ద గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. బిరడా ఊడింది. ఎద్దులు ముందుకు తూలాయి, మోకు వదులైంది, ముప్ఫైమందీ వెల్లకిలా బురదలో పడ్డారు. తెల్లబట్టలన్నీ ఒక్క రంగయ్యాయి.

కట్టకు అవతలి వైపు గొట్టంలోంచి నీళ్ళు బారెడు ఎత్తున ఎగిరి వాగులో పడ్డాయి. ఆ మోత వింటే ఎంత హాయో! బురదలో పడ్డవాళ్ళు లేవకుండానే కేకలు పెట్టారు. లోపల నీళ్ళు దిగుతూ రాళ్ళ వరసలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఐదో వరస కనబడుతుండగా మొదటి చినుకు నా ముక్కుమీద పడింది.

తరవాత వాగు వచ్చింది. ముందు చప్పుడు, వెనక ఎర్రటి నీళ్ళు. వెదురుబొంగులు, ఎండుటాకుల చాపలు, ఎవరిదో చేను కంచె. వచ్చి ఖాళీ గోతిలో సుడి తిరిగింది. జోరున వానలో అందరం కట్ట మీద బారుగా నిలబడి రాళ్ళను చూస్తున్నాం. ఐదు మునిగాయి, పది మునిగాయి. ఇంటికి పోయి సామాను తీసుకుందామని ఎవరూ అనలేదు. పద్నాలుగు. పదిహేను. మొత్తం ఇరవై వరసలకు అలుగు రాయి. పదహారో వరస దగ్గర వెంకటప్పయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. నేను విడిపించుకోలేదు. పదిహేడు. పద్దెనిమిదో వరస సగం మునిగి, నీళ్ళు ఆ రాయిని నాకుతూ అక్కడే ఉండిపోయాయి.

ఎంతసేపు చూశామో. ఒక బొద్దింక రాయి మీదికి ఎక్కి కూర్చుంది. నీళ్ళు దాన్ని అందుకోలేదు.

"ఆగింది," అన్నాడు పూల్‌సింగు.

"మాట్లాడకురా, దానికి ఇనపడుద్ది," అంది మా అత్త.

ఆ రాయి కింద వేలెడంత తడిచార కనబడేదాకా ఎవరం నోరు తెరవలేదు. నీళ్ళు దిగుతున్నాయి. అప్పుడు డప్పు మోగింది. తడిసిన డప్పు, దబ్బు దబ్బుమని పాత మంచాన్ని కొట్టినట్టు మోగింది, అయినా దానికి అందరూ ఆడారు. అయ్యగారు కూడా చేతులు కదిపారు. బాప్టిస్టు అయ్యగారు ఆడకూడదు కనుక అది చలికి వణకడమని తరవాత చెప్పారు.

ఆరు వరసల పాతనీళ్ళు అట్లాగే ఉండి ఉంటే ఇరవై దాటి మూడున్నర వరసల ఎత్తు నీళ్ళు అలుగు మీది నుంచి దూకేవి. ఆ లెక్క నేను అక్కడే వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఓవర్సీరుకైతే ఇప్పటికీ చెప్పలేదు.

వాగు నిండుగా పారుతోంది కనుక పూల్‌సింగు తండాకు పోలేడు, వెంకటప్పయ్య బండి ఊళ్ళోకి దాటదు, అయ్యగారి సైకిలు సంగతి సరేసరి. అందరూ మా పేటకే రావలసి వచ్చింది. వాగు పక్కన మలుపు తిరుగుతూ, ఒడ్డుకు జానెడు తక్కువగా, బుద్ధిమంతుడిలా మా ఇళ్ళను దాటిపోతోంది. వెంకటప్పయ్య ఎద్దుల్ని మా గుంజకు కట్టేసి, మా నులకమంచం మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మా పేటలో కూర్చోవడం అదే మొదలు.

"నారుమడి?" అన్నాను.

"వాన పడుతుందిగా, ఇంకేం నారుమడి! నీళ్ళెక్కువై ఎత్తిపొయ్యాలి రేపు. ముందు కూర సంగతి చూడవయ్యా."

సంపూర్ణ పొయ్యి అంటించింది. పద్దెనిమిదేళ్ళకు బల్లలో పాలు దొరికిన మనిషి, చీర కూడా మార్చుకోకుండా గొర్రెమాంసంలో కారం వేస్తోంది. మా అత్త పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"నేను సూసిన," అంటోంది అయ్యగారితో. "మూడుసార్లు మునిగింది. మీరు ముంచింది ఒక్కసారే. కడమ రెండుసార్లు ఎవరి ఖాతాల పడుతయ్?"

"మీ ఫాదరుకు పంపుతానమ్మా," అన్నారు అయ్యగారు. మా అత్త మొదటిసారి ఆయన మాటకు నవ్వింది.

నేను వసారాలో గోడకు ఆనుకుని చతికిలపడ్డాను. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. మూడోసారి కట్టిన గోడ, వెనక నిబ్బరంగా ఉంది. కళ్ళు మూసుకుని దాన్ని వీపుతో ఇంకాస్త నెట్టి చూశాను.

"ఓ మనిషీ! లే ఆడనుంచి!" సంపూర్ణ గరిటె పట్టుకుని నా మీదికి వచ్చింది. "నున్నగ అలికిన గోడ! తడి ఒంటితోటి ఆనుకుంటవా? సూడు, సూడు నీ పని!"

లేచి చూశాను. ఎర్రమట్టి గోడ మీద నా వీపంత వెడల్పున తడి మరక. చుట్టూ మొత్తం గోడ పొడిగా ఉంది.

"చుట్టూత అంతా పొడిగనే ఉన్నది గదే," అన్నాను.

"నాకు కనపడతలేదా? పక్కకు జరుగు, అలుకుగుడ్డ తెస్త," అంది. తేవడానికి మాత్రం పోలేదు. గరిటె అట్లాగే పట్టుకుని, నా పక్కన నిలబడి ఆ గోడను చూస్తోంది.